నైజర్ నది: కొండల నుంచి సముద్రం దాకా తరచుగా అడిగే ప్రశ్నలు

పోటీ పరీక్షలకు చదివేవాళ్లు, నైజీరియాలో ఉద్యోగం వచ్చి సూట్‌కేసు సర్దుకుంటున్నవాళ్లు, టీవీలో వరద వార్త చూసి మ్యాప్ తెరిచినవాళ్లు... ఎవరు అడిగినా నైజర్ నది గురించి తిరిగి తిరిగి అవే సందేహాలు. విడివిడిగా చెప్పే బదులు ఒకచోట రాసి పెట్టాను. నది నడిచే వరసలోనే ప్రశ్నలు ఉన్నాయి. ఏ జవాబుకా జవాబు విడిగా చదువుకోవచ్చు. మ్యాప్‌లో ఈ నది ఎటు పోతుందో చూస్తే సగమే తెలుస్తుంది. ఏ నెలలో నీళ్లు ఎక్కడుంటాయో కూడా పట్టుకుంటే అక్కడి వరి, మేత, చేప, కరెంటు అన్నీ అర్థమవుతాయి.

## మ్యాప్ తెరిచినప్పుడు

నైజర్ నది ఎక్కడ పుట్టి ఎక్కడ కలుస్తుంది? ఎంత పొడవు?

గినియా దేశంలో, సియెర్రా లియోన్ సరిహద్దుకు ఆనుకుని ఉన్న కొండల్లో పుడుతుంది. అక్కడి నుంచి ఈశాన్యంగా మాలీలోకి వెళ్లి, టింబక్టు దాకా పోయి, సహారా అంచున ఒంపు తిరిగి, ఆగ్నేయంగా నైజర్ దేశం గుండా దిగుతుంది. కొంత దూరం బెనిన్‌కి సరిహద్దుగా నడిచి నైజీరియాలోకి చేరి, గినియా సింధుశాఖలో కలుస్తుంది. మొత్తం సుమారు 4,180 కిలోమీటర్లు. ఆఫ్రికాలో నైలు, కాంగోల తర్వాత మూడో స్థానం దీనిదే.

పుట్టిన చోటు నుంచి సముద్రం 240 కిలోమీటర్లేనట కదా. మరి అటు పోకుండా ఎడారి వైపు ఎందుకు వెళ్లింది?

నీళ్లకు దగ్గర దారి అక్కర్లేదు, పల్లం ఉంటే చాలు. సముద్రానికీ నది పుట్టిన చోటుకీ మధ్య కొండలు అడ్డం. అందుకే వాలు ఉన్న లోపలి వైపుకి పారింది.

ఆ పెద్ద ఒంపుకి భూగర్భ శాస్త్రవేత్తలు ఎక్కువగా చెప్పే కారణం వేరే ఉంది. ఒకప్పుడు ఇవి రెండు నదులట. పై నది గినియా నుంచి వచ్చి, టింబక్టుకు ఉత్తరాన అప్పట్లో ఉన్న పెద్ద సరస్సులోకి పోయేది. కింది నది ఒంపుకు దగ్గర్లోని ఎత్తైన ప్రాంతంలో పుట్టి దక్షిణంగా సముద్రానికి పోయేది. సహారా ఎండిపోతూ వచ్చాక ఈ రెండూ కలిసి ఒక్కటయ్యాయి. మ్యాప్‌లో కనిపించే ఆ వింత మలుపు ఒక రకంగా అతుకు వేసిన చోటు.

నైజర్, నైజీరియా ఒకటేనా?

కాదు, వేరువేరు దేశాలు. నైజర్ ఎడారి దేశం, సముద్రతీరం లేదు, రాజధాని నియామే, అధికార వ్యవహారాల్లో చాలాకాలం ఫ్రెంచే నడిచింది. నైజీరియా దానికి దక్షిణాన ఉంది, రాజధాని అబుజా, ఇంగ్లిష్ నడుస్తుంది, ఆఫ్రికాలో అత్యధిక జనాభా అక్కడే. రెండిటికీ పేరు ఈ నది నుంచే వచ్చింది. టికెట్ బుక్ చేసేటప్పుడు ఒకసారి సరిచూసుకోండి, అంతే.

నది నీళ్ల మీద ఎన్ని దేశాలకు హక్కుంది? ఎవరు పంచుతారు?

1964లో ఏర్పడిన నైజర్ నది కమిషన్‌ని 1980లో నైజర్ బేసిన్ అథారిటీగా మార్చారు. ఆఫీసు నియామేలో. సభ్యదేశాలు తొమ్మిది: గినియా, మాలీ, నైజర్, నైజీరియా, బెనిన్, బుర్కినా ఫాసో, కామెరూన్, చాద్, ఐవరీ కోస్ట్. చివరి కొన్నిటి గుండా అసలు నది పారదు, ఉపనదులో పరీవాహక ప్రాంతమో ఉన్నాయి. 2008లో అందరూ కలిసి ఒక జల ఒప్పందం కుదుర్చుకున్నారు. కాగితం మీద బాగుంది. కానీ పైన ఉన్న దేశం డ్యామ్ కడతానంటే కిందున్న దేశానికి టెన్షన్ మొదలవడం అక్కడా మామూలే.

ఈ నది ఎటు పారుతుందో కూడా యూరప్ వాళ్లకి చాలాకాలం తెలియదంటారు, నిజమా?

నిజమే. పడమటికి పారుతుందని కొందరు, నైలులో కలుస్తుందని కొందరు, కాంగోలో అని మరికొందరు, ఏదో లోపలి చిత్తడిలో ఇంకిపోతుందని ఇంకొందరు వాదించుకున్నారు. ఒడ్డున ఉన్నవాళ్లకి మాత్రం ఏ సందేహమూ లేదు. శతాబ్దాలుగా ఈ నీళ్ల మీదే ఉప్పు, బంగారం, ధాన్యం తిప్పారు మరి.

స్కాట్లండ్ వైద్యుడు ముంగో పార్క్ 1796 జులైలో మాలీలోని సెగూ దగ్గర నదిని చూసి, తూర్పుకే పారుతోందని రాసుకున్నాడు. సెగూ రాజు మాన్సాంగ్ అతన్ని అవతలి ఒడ్డుకి రానివ్వలేదు. ఆ రాత్రి ఊరివాళ్లెవరూ చోటివ్వకపోతే, పొలం నుంచి వస్తున్న ఒకావిడ జాలిపడి ఇంటికి తీసుకెళ్లి కాల్చిన చేప పెట్టింది. ఇంట్లో ఆడవాళ్లు నూలు వడుకుతూ ఆ అతిథి మీదే అప్పటికప్పుడు పాట కట్టి పాడారట. తర్వాత రాజు అయిదు వేల గవ్వలు ఇచ్చి పంపేశాడు. 1805లో పార్క్ మళ్లీ సైనికులతో వచ్చాడు. వెంట వచ్చినవాళ్లలో ఎక్కువమంది జ్వరాలతో దారిలోనే పోయారు. మిగిలినవాళ్లతో పడవలో బయల్దేరిన అతను 1806లో నైజీరియాలోని బుస్సా సుడుల దగ్గర చనిపోయాడు. నది సముద్రంలో ఎక్కడ కలుస్తుందో యూరప్‌కి తేలింది 1830లో, రిచర్డ్, జాన్ లాండర్ అన్నదమ్ములు బుస్సా నుంచి కిందికి ప్రయాణం చేశాక.

## ఎగువన: గినియా, బమాకో, సెగూ

వానాకాలం ఆగస్టులో అయితే, టింబక్టు దగ్గర వరద డిసెంబరులో ఎందుకొస్తుంది?

ఈ నదిని అర్థం చేసుకోవడానికి ఇంతకంటే ముఖ్యమైన ప్రశ్న లేదు. వానలు కురిసేది గినియా కొండల్లో, ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో జోరుగా. ఆ నీళ్లు మాలీ రాజధాని బమాకో దాటేసరికి సెప్టెంబరు, ఇంకా వేగంగానే ఉంటాయి. ఆ తర్వాత మాలీ మధ్యలో నేల దాదాపు బల్లపరుపు. నది వందల పాయలుగా చీలి, చెరువుల్లోకీ గడ్డి మైదానాల్లోకీ పొర్లి, నెమ్మదిగా కదులుతుంది. మోప్తి దగ్గర అక్టోబరు, నవంబరు ప్రాంతంలో మట్టం బాగా పెరుగుతుంది. టింబక్టు వైపు డిసెంబరు. నియామేకి జనవరి. నైజీరియాలోని కైంజి దాకా పోయేసరికి ఫిబ్రవరి.

అంటే ఆకాశంలో ఒక్క మబ్బు లేని చలికాలంలో, ఇసుక తిన్నెల పక్కన నది నిండుగా పారుతుంది. అక్కడి రైతుకి ఇది వరమే. వాన లేని నెలల్లో నీళ్లు ఇంటిముందుకి వస్తాయి.

గినియాలో, మాలీలో బంగారం తవ్వకాల వల్ల నది పాడవుతోందట, ఎలా?

సిగిరి, బూరె ప్రాంతాల బంగారం మధ్యయుగాల మాలీ సామ్రాజ్యం కాలం నుంచీ ప్రసిద్ధి. ఇప్పుడు తేడా ఏంటంటే, నది మధ్యలోనే తెప్పల మీద డ్రెడ్జర్లు పెట్టి అడుగు ఇసుకని పీల్చేస్తున్నారు. ఇసుకలోంచి బంగారాన్ని వేరుచేయడానికి పాదరసం వాడతారు. నీరు బురదవుతుంది, అడుగున గుంతలు పడతాయి, పాదరసం చేపల్లోకి చేరుతుంది. నిషేధాలు వచ్చాయి. తవ్వకం కూలీకి వచ్చే డబ్బు చేపల వేటలో రాదు కాబట్టి అవి పెద్దగా పనిచేయలేదు.

ఆఫీస్ దు నైజర్ అనేది ఆఫీసా, ప్రాజెక్టా?

ప్రాజెక్టే. ఫ్రెంచి వలస ప్రభుత్వం 1932లో పెట్టింది. సెగూకి కాస్త దిగువన మర్కాలా దగ్గర బ్యారేజ్ కట్టి, నది ఎప్పుడో వదిలేసిన పాత పాయల్లోకి నీళ్లు మళ్లించి, దాదాపు పది లక్షల హెక్టార్లు సాగులోకి తేవాలని పథకం. ధవళేశ్వరంలో గోదావరి మట్టం లేపి కాలువలకు పంపినట్టే ఇక్కడా పని నిల్వ చేయడం కాదు, మళ్లించడం. బ్యారేజ్ 1947లో పూర్తయింది.

ఫ్రాన్సు మిల్లులకు పత్తి పండించాలన్నది అసలు ఉద్దేశం. కూలీల్ని బలవంతంగా తెచ్చారు. ఇప్పటి బుర్కినా ఫాసో ప్రాంతం నుంచి మొస్సీ కుటుంబాల్ని తరలించి కాలువల పక్కన ఊళ్లు వేశారు. పత్తి నిలదొక్కుకోలేదు, వరి నిలబడింది. అనుకున్న ఆయకట్టులో పదో వంతు చుట్టూనే సాగులోకి వచ్చింది. అయినా మాలీ ధాన్యాగారాల్లో అదొకటి. వలస పాలకుల లెక్కలో అది పెద్ద ఫెయిల్యూర్. మాలీ వంటింటి లెక్కలో మాత్రం అలా అనలేం.

## మాలీ మధ్యలో: లోతట్టు డెల్టా

సముద్రం వందల మైళ్ల దూరంలో ఉంటే డెల్టా ఎలా వచ్చింది?

డెల్టాకి సముద్రమే ఉండాలని లేదు. వాలు ఒక్కసారిగా తగ్గిపోతే నది మోసుకొచ్చిన ఒండ్రు దింపేసి పాయలుగా చీలుతుంది. మాలీలో సెగూ దాటాక జరిగేది అదే. ఇక్కడే బని అనే పెద్ద ఉపనది కూడా మోప్తి దగ్గర వచ్చి కలుస్తుంది. మంచి వానలు పడిన ఏడాది 20 వేల చదరపు కిలోమీటర్లకు పైగా నీట మునుగుతుంది, కరువు ఏడాది అందులో సగమైనా ఉండదు. 2004లో 41 వేల చదరపు కిలోమీటర్ల మేర రామ్‌సర్ (అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న) చిత్తడి నేలగా గుర్తించారు. యూరప్ నుంచి చలికాలంలో వలస వచ్చే పక్షులకి సహారా దాటాక దొరికే పెద్ద విడిది ఇది.

అక్కడ సగం దాకా నీళ్లు ఆవిరైపోతాయట. అదంతా వేస్టే కదా, పైన డ్యామ్ కట్టి ఆపొచ్చుగా?

ఇంజినీర్లు కూడా ఈ ప్రశ్న అడుగుతూనే ఉన్నారు. ఆవిరయ్యే మాట నిజమే, ఏడాదిని బట్టి వచ్చిన నీటిలో దాదాపు సగం దాకా దిగువకు చేరదు. కానీ వేస్ట్ అంటే నేను ఒప్పుకోను. బూర్గూ అనే గడ్డి ముంపు నీళ్లలో ఏపుగా పెరిగి, నీళ్లు తీశాక మేతకొస్తుంది. ఎండాకాలం మొత్తానికి లక్షల పశువుల్ని బతికించేది అదే. ముంపు నీళ్లలోనే చేప గుడ్లు పెడుతుంది. ముంపుతో పాటు వరి ఎదుగుతుంది. మనుషులు, పశువులు, చేపలు కలిపి వాడుకున్న నీటిని లెక్కల పుస్తకంలో నష్టం కింద రాయడం అన్యాయం.

గినియాలో నియాండన్ ఉపనది మీద ఫోమి దగ్గర పెద్ద డ్యామ్ కట్టాలని దశాబ్దాలుగా ప్రతిపాదన ఉంది. గినియాకి కరెంటు, మాలీ ఆయకట్టుకి ఎండాకాలపు నీళ్లు వస్తాయి. డెల్టాలో వరద ఎత్తు మాత్రం తగ్గుతుంది. అక్కడ ముంపు కొద్దిగా తగ్గినా అంచున ఉన్న గడ్డి మైదానాలే ముందు ఎండుతాయి.

వేల ఆవులు నది ఈదుతూ దాటే పండగ ఎక్కడ జరుగుతుంది?

మాలీలో జాఫరాబే దగ్గర. ఫులాని కాపరులు వానాకాలంలో మందల్ని ఉత్తరాన ఎడారి అంచుకి తోలుకెళ్తారు, అప్పుడు అక్కడ పచ్చిక ఉంటుంది. నవంబరు, డిసెంబరు వేళకి అది అయిపోతుంది. డెల్టాలో నీళ్లు తీయడం మొదలవుతుంది. మందలన్నీ నది ఒడ్డుకి చేరి ఎదురుచూస్తాయి. ఏ రోజు దాటాలన్నది క్యాలెండర్ చూసి పెట్టరు. నీటి మట్టం, గడ్డి ఎదుగుదల చూసి పెద్దలు కూర్చుని నిర్ణయిస్తారు.

ఆ రోజు ముందు ఏ మంద దిగాలి, తర్వాత ఏది అన్న వరస కూడా ఖాయం. కాపరులు నీళ్లలోకి దూకి, కర్రలతో అదిలిస్తూ, అరుస్తూ ఆవుల పక్కనే ఈదుతారు. కొమ్ములు, మూపురాలు మాత్రమే పైకి తేలుతుంటాయి. నెలల తరబడి ఇల్లు వదిలి తిరిగిన కుర్రాళ్లు కాబట్టి అవతలి గట్టున ఇంటివాళ్లు, పెళ్లి కుదిరిన పిల్లలు ముస్తాబై నిలబడతారు. ఎవరి మంద బాగా బలిసిందో చూసి మెచ్చుకుంటారు, చిక్కిన మంద కాపరికి ఆట పట్టింపులు తప్పవు. ఈ వరసలు, మేత హక్కులు 19వ శతాబ్దంలో మాసినా రాజ్యాన్ని నడిపిన సేకూ అమడూ కట్టుదిట్టం చేసినవి. గడ్డి బీళ్లను చూసుకునే పెద్దల్ని జోరో అంటారు. 2005లో యునెస్కో ఈ పండగలను గుర్తించింది. ఈమధ్య ఏళ్లలో ఆ ప్రాంతంలో సాయుధ దాడుల వల్ల మందల దారులే ప్రమాదంలో పడ్డాయి.

చేపలు పట్టేది ఎవరు? ఎక్కడికి పోతాయి?

ప్రధానంగా బోజోలు. నీటి మీద తొలి హక్కు వాళ్లదేనని చుట్టుపక్కల వ్యవసాయ కులాలు, కాపరులు కూడా ఒప్పుకుంటారు. సొమొనోలు అనే మరో జాలరి వర్గం కూడా ఉంది. వరదతో పాటు చేపల వెనక కుటుంబాలతో సహా కదిలి, నీళ్లు తగ్గేకొద్దీ ఇసుక లంకల మీద గుడిసెలు వేసుకుంటారు. పట్టిన చేపలో ఎక్కువ భాగాన్ని ఎండబెడతారు లేదా పొగబెడతారు. మోప్తి రేవు ఆ వ్యాపారానికి కేంద్రం. అక్కడి నుంచి మూటలు మాలీ మొత్తానికీ, పొరుగు దేశాలకీ పోతాయి.

అక్కడి వరి మన వరి లాంటిదేనా?

ఇప్పుడు ఎక్కువగా పండేది ఆసియా రకమే. కానీ ఆఫ్రికాకి తనదైన వరి ఉంది. దాని శాస్త్రీయ నామం ఒరైజా గ్లాబెరిమా. దీన్ని రెండు మూడు వేల ఏళ్ల కింద ఈ లోతట్టు డెల్టా ప్రాంతంలోనే సాగులోకి తెచ్చారని శాస్త్రవేత్తల అభిప్రాయం. గింజ ఎర్రగా ఉంటుంది, దిగుబడి తక్కువ. అయితే కలుపుని తట్టుకుంటుంది, కొన్ని రకాలు వరద పెరిగేకొద్దీ కాండం సాగదీసుకుని నీటిపైన తల నిలబెడతాయి. 1990లలో ఆసియా వరితో దీన్ని సంకరం చేసి నెరికా రకాలు తయారుచేశారు. ఆ పనికి సియెర్రా లియోన్ శాస్త్రవేత్త మాంటీ జోన్స్‌కి 2004లో ప్రపంచ ఆహార బహుమతి వచ్చింది.

## ఎడారి ఒంపు: టింబక్టు, గావో, నియామే

టింబక్టు నది ఒడ్డునే ఉందా?

ఒడ్డున లేదు, పదిహేను ఇరవై కిలోమీటర్లు ఉత్తరంగా ఉంది. దాని రేవు కబారా. ఎడారి ఒంటెల బిడారు ఆగే చోటుకీ, నది పడవ ఆగే చోటుకీ మధ్య టింబక్టు నిలబడింది. అందుకే సంపన్నమైంది. ఉత్తరాన తావుదెన్ని గనుల నుంచి ఉప్పు పలకలు ఒంటెల మీద వచ్చేవి. ఇక్కడ పడవల్లోకెక్కి మోప్తి, జెన్నే వైపు పోయేవి. తిరుగుదారిలో ధాన్యం, బంగారం వచ్చేవి. ఒంటెల చోట లారీలు చేరినా ఉప్పు పలకల వ్యాపారం ఆగిపోలేదు.

మాలీలో నది మీద పెద్ద పడవలు తిరుగుతాయా?

తిరుగుతాయి, కానీ ఏడాది పొడవునా కాదు. బమాకో దిగువన సోటుబా దగ్గర రాళ్ల సుడులున్నాయి కాబట్టి పెద్ద పడవలు కులికోరో నుంచి మొదలవుతాయి. వరద వచ్చాక ఆగస్టు నుంచి కొన్ని నెలలు గావో దాకా వెళ్తాయి. మిగతా కాలంలో పినాస్ అనే పొడవాటి చెక్క పడవలే దిక్కు. సరుకు, మనుషులు, మేకలు, మోటార్‌సైకిళ్లు అన్నీ అందులోనే. 2023 సెప్టెంబరులో టింబక్టు పేరే పెట్టుకున్న ప్రయాణికుల పడవ మీద ఉగ్రవాదులు దాడి చేసి పదుల మందిని చంపారు. రోడ్డు మీద భయమేసి నదిని నమ్ముకున్నవాళ్లకి ఆ దారీ మూసుకుపోయినట్టయింది.

నియామేలో నైజర్ ఎండిపోయిందని చదివాను. అంత పెద్ద నది ఎలా ఎండింది?

1985 జూన్‌లో నియామే దగ్గర ప్రవాహం నిజంగానే ఆగిపోయింది. 1970ల మొదట్లో ఒకసారి, 1980ల మధ్యలో మరోసారి సహారాకి దక్షిణపు అంచున ఉన్న సాహెల్ ప్రాంతమంతా ఘోరమైన కరువు. గినియాలోనే వానలు తగ్గాయి, వచ్చిన కొద్దిపాటి నీళ్లు మాలీ మైదానాల్లోనే అయిపోయాయి. జూన్ అంటే అక్కడ పాత వరద పూర్తిగా వెళ్లిపోయి కొత్త వాన ఇంకా రాని నెల. ఊరికి తాగునీరు ఈ నదే.

మామూలు ఏళ్లలో నియామేలో వరద రెండుసార్లు వస్తుంది. సెప్టెంబరు ప్రాంతంలో దగ్గర్లోని వాగులు తెచ్చే ఎర్రమట్టి వరద, జనవరిలో గినియా నుంచి నెలల తరబడి నడిచొచ్చే తేటనీటి వరద. ఈమధ్య ఊరిని ముంచేది ఎక్కువగా మొదటిదే. నియామేకి ఎగువన కందాజి దగ్గర డ్యామ్ కడుతున్నారు. ఎండాకాలంలో నీళ్లు వదలడం, కరెంటు తీయడం రెండూ దాని పనే.

నదిలో మొసళ్లు, నీటిగుర్రాలు ఉన్నాయా?

ఉన్నాయి. జనం ఎక్కువ భయపడేది నీటిగుర్రానికే. 2014 నవంబరులో నియామే దగ్గర పిల్లల్ని బడికి తీసుకెళ్తున్న పడవని నీటిగుర్రం తిరగేసి 12 మంది విద్యార్థులు చనిపోయారు. ఆఫ్రికా మనాటీ అనే పెద్ద శాకాహార జంతువు కూడా ఉంది, కానీ కనిపించడం అరుదు. నైజర్, బెనిన్, బుర్కినా ఫాసో కలిసే చోట నది ఇంగ్లిష్ డబ్ల్యూ అక్షరంలా మెలికలు తిరుగుతుంది. అక్కడి నేషనల్ పార్కుకి ఆ అక్షరమే పేరు.

## నైజీరియాలో

కైంజి డ్యామ్ ఎందుకంత ముఖ్యం?

నైజీరియాలో నైజర్ మీద కట్టిన మొదటి పెద్ద డ్యామ్ అది. 1960లలో కట్టి 1969 ఫిబ్రవరిలో ప్రారంభించారు, సామర్థ్యం 760 మెగావాట్లు. దాని దిగువన జెబ్బా 1980లలో వచ్చింది. కైంజి వదిలిన నీళ్లతోనే జెబ్బా మళ్లీ కరెంటు తీస్తుంది. జలాశయం కింద దాదాపు 44 వేల మంది ఊళ్లు మునిగాయి. పాత బుస్సా, ముంగో పార్క్ చనిపోయిన ఆ సుడులు ఇప్పుడు నీళ్ల అడుగునే ఉన్నాయి.

కైంజి అదృష్టం రెండు వరదలు రావడం. ఆగస్టు నుంచి సొకోటో వంటి స్థానిక నదులు బురదనీళ్లు తెస్తాయి, దీన్ని తెల్ల వరద అంటారు. చలికాలం చివర్లో మాలీలో బురద దింపేసుకుని తేటగా వచ్చేది నల్ల వరద. వాన లేని నెలల్లో జలాశయం నిండడానికి ఈ రెండోదే ఆధారం. కాబట్టి మాలీలోనో గినియాలోనో నీళ్లు ఆపేస్తే నైజీరియా టర్బైన్లకు తగులుతుంది.

నైజర్ దేశానికి నైజీరియా కరెంటు ఎందుకు ఇస్తుంది? మధ్యలో ఆపేసిందట?

నది కింద దేశంలో డ్యాములున్నాయి, పై దేశంలో లేవు. దశాబ్దాలుగా నియామే కరెంటులో పెద్ద వాటా నైజీరియా లైన్ల నుంచే. 2023 జులైలో నైజర్‌లో సైనిక తిరుగుబాటు జరిగాక ప్రాంతీయ ఆంక్షల్లో భాగంగా నైజీరియా ఆ సరఫరా ఆపింది. నియామే గంటల తరబడి చీకట్లో ఉంది. కందాజి డ్యామ్ మీద అక్కడివాళ్ల పట్టుదలకి ఇదొక కారణం.

లొకోజా ప్రత్యేకత ఏంటి?

కామెరూన్ నుంచి వచ్చే బెన్యూ నది నైజర్‌లో కలిసేది అక్కడే. బెన్యూ 1,400 కిలోమీటర్ల నది, ఈ సంగమం తర్వాతే నైజర్ మహానది అనిపించుకుంటుంది. రెండు నీళ్ల రంగు తేడా కొంత దూరం కనిపిస్తుంది. బ్రిటిష్ వాళ్లు ఈ ఊరిని స్థావరంగా చేసుకున్నారు. 1854లో ప్లెయడ్ అనే ఓడ మీద బెన్యూలోకి వెళ్లిన బృందం రోజూ క్వినైన్ మింగింది, ఒక్క యూరోపియన్ కూడా మలేరియాతో చనిపోలేదు. ఆ తర్వాతే కంపెనీలు నది వెంట ధైర్యంగా లోపలికొచ్చాయి. 1886లో చార్టర్ పొందిన రాయల్ నైజర్ కంపెనీ తన హక్కుల్ని 1900లో 8,65,000 పౌండ్లకు బ్రిటిష్ ప్రభుత్వానికి అమ్మింది. ఇప్పటి నైజీరియాలో పెద్ద భాగాన్ని అలా సేల్ డీడ్ రాసి చేతులు మార్చుకున్నారు.

నైజీరియా వరదలకి కామెరూన్ డ్యామే కారణమా?

పూర్తిగా కాదు. బెన్యూ మీద కామెరూన్‌లో లగ్దో డ్యామ్ 1982లో పూర్తయింది. నీళ్లు వదిలినప్పుడల్లా నైజీరియాలో భయం పడుతుంది. ఆ నీళ్లని పట్టుకోవడానికి నైజీరియా వైపు డసిన్ హౌసా దగ్గర డ్యామ్ కట్టాలని అప్పుడే అనుకున్నారు, అది పూర్తి కాలేదు. 2012 వరదల్లో 363 మంది చనిపోయారు, ఇరవై లక్షలకు పైగా జనం ఇళ్లు వదిలారు. 2022లో మృతులు ఆరు వందలు దాటారు. రెండుసార్లూ భారీ వానలు, ముంపు ప్రాంతంలో కట్టిన ఇళ్లు కూడా కారణమే. నింద మొత్తం పక్క దేశం మీదకి తోసేస్తే డసిన్ హౌసా గురించి ఎవరూ అడగరు, అదే తేడా.

సముద్రం నుంచి ఓడలు ఎంత దూరం వస్తాయి?

వలస కాలంలో వరద నెలల్లో లొకోజాకి ఎగువన ఉన్న బారో దాకా వచ్చేవి. ఇప్పుడు ఇసుక మేటలు పెద్ద అడ్డంకి. 2009లో దిగువ నైజర్ పూడిక తీత మొదలుపెట్టారు, 2019 జనవరిలో బారోలో కొత్త రేవు ప్రారంభించారు. రేవు ఉంది, ఓడలు లేవు. నది పక్కన రోడ్డు ఉంటే లారీ వాడు గెలుస్తాడు. ఒనిచా, అసాబా మధ్య 1965లో వేసిన వంతెన మీద దశాబ్దాల ట్రాఫిక్ జామ్ తర్వాత, 2023లో రెండో వంతెన ప్రారంభమైంది.

మా బాబాయి లాగోస్‌లో పనిచేస్తారు. ఆ ఊరు నైజర్ ఒడ్డునే కదా?

కాదు. లాగోస్ సముద్రపు కయ్యల పక్కన ఊరు, నైజర్ అక్కడికి చాలా తూర్పున ఉంది. మనవాళ్లు ఎక్కువగా వెళ్లే మరో ఊరు పోర్ట్ హార్కోర్ట్. అది నైజర్ డెల్టాలో, బోనీ నది మీద ఉంది.

## సముద్రం దగ్గర డెల్టా

ఆయిల్ రివర్స్ అన్న పేరు పెట్రోలియం వల్ల వచ్చిందా?

పెట్రోలియం దొరకడానికి దాదాపు డెబ్బై ఏళ్ల ముందే ఆ పేరు ఉంది. అప్పటి ఆయిల్ అంటే పామాయిల్. బానిసల వ్యాపారం ఆగాక బ్రిటన్ మిల్లుల యంత్రాలకి, సబ్బులకి పామాయిల్ కావాలి, ఈ పాయల నుంచే పీపాల్లో వెళ్లేది. ధర మీద, సుంకాల మీద గట్టిగా నిలబడిన ఒపోబో రాజు జాజాని 1887లో పట్టుకుని ప్రవాసానికి పంపారు. 1895లో నెంబే రాజు కోకో మనుషులు అకాసాలోని రాయల్ నైజర్ కంపెనీ స్థావరం మీద దాడి చేశారు. తమ వ్యాపారం పోతే ఆకలే మిగులుతుందన్నది వాళ్ల బాధ.

మరి పెట్రోలియం ఎప్పుడు దొరికింది? కాలుష్యం నిజంగా అంత ఘోరమా?

1956లో ఒలోయిబిరిలో షెల్-బీపీ బావిలో దొరికింది, 1958లో ఎగుమతి మొదలైంది. మన దేశం కూడా నైజీరియా ముడిచమురుని చాలా ఏళ్లుగా కొంటోంది.

ఘోరమే. నది ఇక్కడ నన్, ఫొర్కాడోస్ అనే రెండు పెద్ద పాయలుగానూ, లెక్కలేనన్ని చిన్న పాయలుగానూ చీలి, ఆఫ్రికాలోనే అతిపెద్ద మడ అడవుల్లోకి పోతుంది. ఆటుపోట్లు ఉన్న చోట ఒకచోట కారిన నూనె ఒక్కచోట ఆగదు. రోజుకి రెండుసార్లు లోపలికీ బయటికీ తిరుగుతూ మడ వేళ్లకి పూత పూసేస్తుంది. పాత పైపులు పగలడం, దొంగ కనెక్షన్లు, దొంగ రిఫైనరీలు అన్నీ కలిశాయి. ఒగోని ప్రజల తరఫున పోరాడిన రచయిత కెన్ సారో-వివాని 1995 నవంబరు 10న సైనిక ప్రభుత్వం ఉరితీసింది. 2011లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ ఒగోని ప్రాంతాన్ని పరీక్షించి, శుభ్రం చేయడానికి పాతిక ముప్పై ఏళ్లు పడుతుందని చెప్పింది.

## వెళ్లేవాళ్లకి

నదిలో స్నానం చేయొచ్చా?

నిలకడ నీళ్లలో వద్దు. కాలువలు, గడ్డి అంచులు, జలాశయం ఒడ్డున నత్తల ద్వారా వచ్చే బిల్హార్జియా పురుగులు చర్మంలోంచి లోపలికి పోతాయి, మూత్రంలో రక్తం దాకా వస్తుంది. వేగంగా పారే చోట్ల ఇంకో జబ్బు ఉండేది, నది అంధత్వం. సుడుల దగ్గర పుట్టే నల్ల ఈగలు కుట్టి పురుగుల్ని ఎక్కిస్తాయి, చివరికి చూపు పోతుంది. ఆ భయంతో సారవంతమైన లోయల్ని వదిలేసి ఊళ్లకు ఊళ్లే పోయాయి. 1974 నుంచి 2002 దాకా హెలికాప్టర్లతో ఏరుల్లో మందు చల్లారు. 1987 నుంచి ఐవర్‌మెక్టిన్ అనే మందు ఉచితంగా పంచారు. 2025 జనవరిలో నైజర్ దేశం ఈ జబ్బుని పూర్తిగా తొలగించినట్టు ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది, ఆఫ్రికాలో అదే మొదటిది.

టూరిస్టుగా నది వెంట మొత్తం తిరగొచ్చా?

ప్రస్తుతం వద్దు. మాలీ మధ్య, ఉత్తర భాగాలు, నైజర్ పడమటి సరిహద్దు, డబ్ల్యూ పార్కు చుట్టుపక్కల సాయుధ ముఠాల ప్రమాదం ఉంది. నైజీరియాలో లొకోజా, ఒనిచా లాంటి ఊళ్లకి స్థానికులతో కలిసి పగటిపూట వెళ్తుంటారు. అయినా మీ కంపెనీ సెక్యూరిటీ వాళ్లని అడగకుండా బయల్దేరకండి.

ఉద్యోగానికి నైజీరియా వెళ్తున్నాను. ఏ టీకాలు, జాగ్రత్తలు?

ఎల్లో ఫీవర్ టీకా తప్పనిసరి. వేయించుకున్న పది రోజుల తర్వాతే ఆ సర్టిఫికెట్ చెల్లుతుంది కాబట్టి చివరి వారం దాకా ఆగకండి. తిరిగి ఇండియా వచ్చేటప్పుడు కూడా మన ఎయిర్‌పోర్టులో అదే పసుపు పుస్తకం అడుగుతారు. లేకపోతే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు. మలేరియా మందులు డాక్టర్‌ని అడిగి వెళ్లేముందే మొదలుపెట్టండి, దోమతెర పెట్టెలోనే పెట్టుకోండి. డెల్టా వైపు పోస్టింగ్ అయితే జూన్ నుంచి అక్టోబరు దాకా వాన విడవదు, షూలు రెండు జతలు తీసుకెళ్లండి.